నవ్వే సార్‌కు పడిన చరణం

మనిషి పోయాక ఇంట్లో మిగిలిన మందుల్ని పారేయడానికి ఎవరికీ చేతులు రావు. కొన్నాళ్లు అలాగే అల్మారాలో ఉంచి, ఒకరోజు సంచిలో వేసుకుని, కొన్న దుకాణానికే తీసుకొస్తారు. తార్నాకలో మందుల దుకాణంలో ఇన్నేళ్లుగా పని చేస్తున్న నాకు చాలా చావులు అలాగే తెలిశాయి. పోయారని ఎవరూ చెప్పరు. "ఇవి వాడలేదండీ, వెనక్కి తీసుకుంటారా" అంటారు.

మొన్న ఒకావిడ అలాగే వచ్చి కౌంటర్ మీద సంచి పెట్టింది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చానంది. సంచిలో గుండె మాత్రలు, రక్తం పలచబడడానికి వాడే మాత్రలు. డాక్టర్ చీటీ మీద ఉన్న పేరు నాకేమీ చెప్పలేదు.

"మా ఇంటి దగ్గర షాపులున్నాయి గానీ, నాన్నగారు ఎప్పుడూ మీ దగ్గరే తెమ్మనేవారండీ. నవ్వే సార్ కూతుర్నని చెప్పు, గుర్తుపడతాడు అనేవారు. నేనే ఎప్పుడూ చెప్పలేదు," అంది.

గుర్తుపట్టాను. మాత్రల మీద తేదీలు చూస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆయన్ని మొదట చూసింది గ్రంథాలయంలో. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నాకు ఆ శాఖా గ్రంథాలయమే కాలేజీ, అదే యూనివర్సిటీ. మధ్యాహ్నం దుకాణంలో జనం పలచబడే వేళ అక్కడికి పోయేవాణ్ణి. పత్రికల బల్ల దాటి, నవలల బీరువాలు దాటి, చివర గోడ పక్కన అలంకార శాస్త్రం బీరువా దాకా వెళ్లే పాఠకుడివి నువ్వొక్కడివే అని లైబ్రేరియన్ మేడమ్ అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ గర్వమే.

ఆయన మాత్రం హాస్య కథలు తప్ప మరోటి ముట్టుకునేవాడు కాదు. దగ్గర్లోని ఒక పరిశోధన సంస్థలో సామాన్ల గిడ్డంగి చూసే ఉద్యోగం. భోజనం బాక్సు ఖాళీ కాగానే నేరుగా లైబ్రరీకి వచ్చేవాడు. చదువుతూ చదువుతూ హఠాత్తుగా కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. అది గుర్తు. వెంటనే మేడమ్ తలెత్తకుండానే, "బయటికి పొయ్యి నవ్వి రాండి సార్," అనేది. ఆయన చదివిన చోట వేలు పెట్టుకుని, పుస్తకంతో సహా వరండాలోకి వెళ్లి నవ్వి, లోపలికొచ్చి, అద్దాలు పెట్టుకుని, ఏమీ జరగనట్టు తర్వాతి వాక్యం అందుకునేవాడు. ఒకసారి అద్దాలతోనే నవ్వితే అవి జారి కిందపడి పగిలాయట. అప్పటినుంచీ ఈ జాగ్రత్త.

ఆ నవ్వు ఎలా ఉండేదంటే, వేసవిలో బోరింగు కొట్టినట్టు. మొదట వట్టి గాలే. నీళ్లు పైకెక్కడానికి కొంత సేపు. ఎక్కాయా, ఇక పట్టలేం. భుజాలు, పొట్ట, బుగ్గలు అన్నీ కలిసి నవ్వేవి. పక్కన ఎవరుంటే వాళ్ల తొడ మీద దెబ్బ పడేది. ఎక్కువసార్లు పడింది నా తొడ మీదే.

నవ్వులు ఆరు రకాలని నేను ఆ చివరి బీరువాలోని ఒక పాత పుస్తకంలో చదివాను. పెదవి మాత్రమే కదిలే స్మితంతో మొదలై, కళ్ల నీళ్లతో ఒళ్లంతా ఊగిపోయే అతిహసితంతో ముగుస్తాయి. ఆరోది అధములు నవ్వే నవ్వని ఆ పుస్తకం తీర్పు. ఆయన నవ్వు విన్నాక ఆ తీర్పు మీద నాకు నమ్మకం పోయింది. ఆ సంగతి ఆయనకు చెబితే, "అతిహసితమా అండీ? పేరు గంభీరంగా ఉందే. రేపు మా ఆఫీసులో చెప్పుకుంటాను," అని పొంగిపోయాడు.

మేమిద్దరం మాటలు మానేసిన రోజొకటి ఉంది. వరండాలో ఏదో చెబుతుంటే ఆయన అద్దాలు తీసేశాడు. నేను చెప్పేది నవ్వే సంగతి కాదు. మా అమ్మకు జ్వరం తగ్గడం లేదని చెబుతున్నాను.

"ఏమనుకోకండి. విషయానిక్కాదు. మీరు మాట్లాడుతుంటే చాలండీ, వేరే జోకక్కర్లేదు," అన్నాడు.

"సార్, సినిమాల జోకర్‌కు మా మాటలు పెట్టిండ్రు, రౌడీకి మా మాటలు పెట్టిండ్రు. హీరోకేమో మీ మాటలు. గిప్పుడు మా అమ్మ మాట గూడ మీకు జోకైతే, ఇగ మీతోని నాకేం మాటలున్నయి," అన్నాను.

అద్దాలు జేబులో ఉన్నాయి, నవ్వు ఎక్కడికో పోయింది. ఆ మనిషి మసక చూపుతో అలాగే నిలబడ్డాడు. మర్నాడు వేడివేడి పల్లీల పొట్లం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. "మా ఆవిడ కూడా తిట్టిందండీ. అమ్మగారికెలా ఉంది?" అన్నాడు. ఆ తర్వాత ఆయన నా మాట తీరుకు నవ్వడం నేను చూడలేదు. భీమవరం దగ్గర పుట్టిన మనిషి, జనగామ దగ్గర పుట్టిన నా నోటి మాటల్ని ఒక్కొక్కటే అడిగి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నేర్చుకున్న ప్రతిదాని చివరా 'అండీ' తగిలించేవాడు. తీసేయమంటే, "అండీ లేకపోతే ఒంటిమీద చొక్కా లేనట్టుందండీ," అనేవాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ముదిరిన రోజులవి. యూనివర్సిటీ గేటు ముందు ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు. టియర్ గ్యాస్ గాలికి తార్నాక చౌరస్తా దాకా వచ్చేది. జనం కళ్లు మూసుకునే మా దుకాణం మెట్లెక్కి కంటి చుక్కలు అడిగేవారు. అన్నిటి మధ్యా క్యాంపస్‌లో ధూంధాంలు జరిగేవి. ధూంధాం అంటే పాట, ఆట, హాస్యం అన్నీ కలిపి సాయంత్రం దాకా సాగే సభ. అందులో నా ఆరాధన అంతా ఒక్క పాటగాడి మీదే. మా పక్క మండలం వాడు, హాస్టల్లో ఉండి పరిశోధన చేస్తున్నాడు. ఒక డప్పు, ఒక కీబోర్డు, కాళ్లకు గజ్జెలు, భుజాన నల్ల గొంగడి. మంత్రుల గొంతులు అచ్చుగుద్దినట్టు దించేవాడు. మైకు ముందు నిలబడి, ఢిల్లీ నుంచి వచ్చే పెద్దమనిషి కుర్చీ వెతుక్కోవడం, చాయ్ ఊదుకోవడం, ఫైలు మరిచిపోవడం అన్నీ గొంతుతోనే చూపించేవాడు. ఆ వెంటనే పాట:

"కమిటి ఒచ్చె, చాయి తాగె..."

"పాయె," అని జనం అందుకోవాలి.

"గద్దెల గూసె, మాట ఇచ్చె..."

"పాయె."

లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు, ఊళ్లో దోస్తును పోగొట్టుకున్నవాళ్లు, పరీక్షలు వదులుకున్నవాళ్లు, అందరూ ఆ 'పాయె' దగ్గర ఒక్కటై నవ్వేవారు. బలం ఉన్నవాణ్ణి చూసి భయం లేకుండా నవ్వడమంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదివాను. కళ్లతో చూసింది అక్కడే. అందుకే దుకాణానికి సెలవు పెట్టి మరీ పోయేవాణ్ణి. సార్‌ను మొదటిసారి తీసుకెళ్లింది నేనే. రెండోసారి నుంచి ఆయనే నన్ను లాక్కెళ్లాడు.

ఆ పాటకు చివర ఒక ఆనవాయితీ ఉంది. పాటగాడు జనంలో ఒకరిని వేలితో చూపి, వాళ్ల మీద అక్కడికక్కడే ఒక చరణం కట్టేవాడు. తర్వాత తన గొంగడి తీసి వాళ్ల భుజాన కప్పేవాడు. కప్పించుకున్న మనిషి మైకు దగ్గర ఒక మాట కలిపి జవాబివ్వాలి, లేదంటే గజ్జెల చప్పుడుకు ఒక చుట్టు తిరగాలి. దాన్ని చరణం పడడం అనేవారు. హాస్టల్ వంటమనిషికి పడింది, పలుచని సాంబారు మీద. జుట్టుకు రంగేసుకునే ప్రొఫెసర్‌కు పడింది. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కు కూడా పడింది. అతను టోపీ అడ్డం పెట్టుకుని నవ్వి, గొంగడి కప్పించుకుని, ఒక చుట్టు తిరిగి మళ్లీ డ్యూటీకి పోయాడు. చరణం పడ్డవాడు మనవాడు. అది ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

సార్‌కు ఆ చరణం కావాలి. నాకు తెలిసి ఆయన అంతగా కోరుకున్నది మరొకటి లేదు. ప్రతి సభకూ ముందు వరసలో జంపఖానా మీద మఠం వేసుకుని కూర్చునేవాడు. పాటగాడి మనుషులు కూడా, "నవ్వే సార్‌కు జాగ ఇడువుండ్రి," అని చోటు పెట్టేవాళ్లు. ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టడం స్టేజీ మీంచి కనబడితే చాలు, పాటగాడికి హుషారొచ్చేది. ఆ బోరింగు ఎక్కిందంటే వెనక వందల మంది దాని వెంట నవ్వేవారు. మైకు ఆ నవ్వును కూడా పట్టేది.

"ఇన్నిసార్లొచ్చాం, మనమీద పడదేమండీ?" అనేవాడు దారిలో. "మీ పక్క మండలమే కదా, ఒక మాట చెప్పకూడదూ?"

"అడిగి ఏపిచ్చుకునేది కాదు సార్ అది."

"అదీ నిజమేలెండి. పడితే మాత్రం జవాబు రెడీగా ఉంది. వినండి. ఒచ్చిన్నండి, కూసున్నండి, లేవనండి."

"అండీ తీసెయ్యి సార్. ఒచ్చిన, కూసున్న, లేవ."

"ఒచ్చిన... కూసున్న... లేవనండి," అని ఆయనే ముందు అద్దాలు తీసేవాడు.

ఆ రోజు ఎండ ఇంకా దిగలేదు. చీకటి పడేలోగా ముగించాలని పోలీసుల షరతు. అంతకు ముందు వారం హాస్టళ్ల దగ్గర లాఠీచార్జి జరిగింది. పాటగాడి ముంజేతికి కట్టుంది. ఢిల్లీలో ఎవరో మళ్లీ మాట మార్చారు. జనం నవ్వడానికి వచ్చినట్టు లేరు. మంత్రుల గొంతులు దించినా నవ్వులు తెగి తెగి పడ్డాయి. కమిటీ పాట కూడా లేవలేదు. సార్ ఒక్కడే మామూలుగా నవ్వుతున్నాడు. పాటగాడి చూపు ఆయన మీద ఆగింది. వేలు చూపించాడు.

సార్ నా తొడ మీద ఒక దెబ్బ వేసి లేచాడు. ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. పెళ్లికి ఫొటో దిగడానికి పోతున్నవాడిలా నడిచాడు.

"సార్, మీదే ఊరు?" అన్నాడు పాటగాడు మైకులో.

"తార్నాకండీ."

జనం గొల్లుమన్నారు. చాలాసేపటికి వచ్చిన నవ్వు అది. దాని రుచి పాటగాడికి తెలిసిపోయింది.

"అసలు ఊరు సార్. పుట్టిన ఊరు."

"భీమవరం దగ్గరండీ."

పాటగాడు ఆయన జేబులోంచి అద్దాలు తీసి తన ముక్కు మీద పెట్టుకున్నాడు. మైకును నోట్లోకి కుక్కుకున్నంత దగ్గరగా పెట్టి సార్ నవ్వును దించాడు. మంత్రుల గొంతులు దించిన గొంతే అది. ఎంత బాగా దించాడో చెప్పడానికి నాకిప్పటికీ మనసొప్పదు. మెడ కోసిన కోడిలా గిలగిలలాడాడు. నాలుక బయటపెట్టాడు. ఉమ్మి తుంపరలు ఎండలో మెరుస్తూ సార్ ముఖం మీద పడ్డాయి. సార్ చేత్తో తుడుచుకుని, అది కూడా ఆటలో భాగమనుకుని నవ్వాడు. అప్పుడు చరణం వచ్చింది.

"నదులు దాటొచ్చె, నా జాగల గూసె, నా పాటకు నవ్వెనా, నన్ను జూసి నవ్వెనా..."

ఆ మాట నేను వరండాలో అడిగిన మాటే. అడగవలసిన మాటే. కానీ అడిగి జవాబు కోసం ఆగాలి. వాడు ఆగలేదు. "ఇయ్యాల పాయె వద్దే. నేను ఏమండి అంట, మీరు పోండి అనుండ్రి," అని జనానికి చెప్పాడు.

"ఏమండి..."

"పోండి."

సార్ మైకు వైపు వంగి, "ఒచ్చిన్నండి..." అన్నాడు. జవాబు మొదలుపెట్టాడు పాపం. మిగతాది 'పోండి'లో మునిగిపోయింది. డప్పు అందుకుంది, చప్పట్లు అందుకున్నాయి. నా వెనక ఒకడు ఈల వేశాడు. నోట్లో గుట్కాతోనే నవ్వుతున్నాడు, ఎర్రటి చొంగ గడ్డం మీద కారుతోంది. తుడుచుకోవడానికి కూడా నవ్వు ఆపలేదు. జుగుప్స అనే మాట నేను పుస్తకంలో చదివి, అర్థం నిఘంటువులో చూసుకున్నవాణ్ణి. ఆ సాయంత్రం దాని అర్థం ఆ గడ్డం మీద చూశాను.

అంతా అయ్యాక కూడా సార్ స్టేజీ దిగలేదు. తల కొంచెం వంచి, భుజాలు కొంచెం ముందుకు పెట్టి నిలబడ్డాడు. ఎందుకో నాకొక్కడికే వెంటనే అర్థమైంది. గొంగడి కోసం. వంటమనిషి అలాగే వంగాడు, కానిస్టేబుల్ అలాగే వంగాడు. పాటగాడు గొంగడి భుజం మీంచి తీశాడు. దాంతో మెడ తుడుచుకున్నాడు, చంకలు తుడుచుకున్నాడు, మళ్లీ తన భుజానే వేసుకున్నాడు. అప్పుడు అర్థమైన జనం, వంగి ఉన్న ఆయన్ని చూసి ఇంకోసారి నవ్వారు.

నేను స్టేజీ దగ్గరికి పోయి చెయ్యి చాపాను. "అన్నా, అద్దాలియ్యి."

"ఏందిరా భై, నీకెందుకంత నొప్పి? నువ్వు మనోనివే గద," అన్నాడు మైకు పక్కకు పెట్టి.

"అద్దాలియ్యి."

ఇచ్చాడు. వాటి నిండా చెమట వేళ్ల ముద్రలు. నా రుమాలుతో తుడిచాను, పోలేదు.

గేటు దాటి తార్నాక వైపు నడుస్తున్నంత సేపూ నేనే మాట్లాడాను. హాస్యం వేరు, అపహాస్యం వేరు అన్నాను. పైవాణ్ణి చూసి నవ్వాలి గానీ, కింద కూసున్నోని మీద నవ్వుడేంది అన్నాను. చదివినదంతా చెప్పాను. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. చౌరస్తా దగ్గర ఆగి, అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నవ్వలేదు.

"చరణం బాగానే కట్టాడండీ. తాళం ఎక్కడా తప్పలేదు," అన్నాడు. కొంచెం ఆగి, "గొంగడెందుకు వెయ్యలేదంటారు?" అన్నాడు.



ఆ తర్వాత నేను ఊరేగింపులకు పోయాను, రైలు పట్టాల మీద కూర్చున్నాను, ఆ పాటకు మాత్రం మళ్లీ పోలేదు. సార్ లైబ్రరీకి వచ్చేవాడు గానీ, మేడమ్ ఆయన్ని బయటికి పంపే పని లేకపోయింది. తర్వాత మల్కాజ్‌గిరికి ఇల్లు మారాడు. రాష్ట్రం వచ్చిన రోజు మాత్రం దుకాణానికి వచ్చి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "మీ మాట నెగ్గిందండీ. చాలా సంతోషం," అన్నాడు. అప్పుడు ఆయన నవ్విన నవ్వు మొదటి రకం. పెదవి మాత్రమే కదిలింది. అద్దాలు తీయాల్సిన అవసరం రాలేదు.

పాటగాడిప్పుడు టీవీలో ఉన్నాడు. మెరిసే కోటు వేసుకుని, లావుపాటి ఆడవాళ్ల మీదా నల్లటి పెళ్లికొడుకుల మీదా పాటలు కడతాడు. ప్రతి బూతుకూ వెనక నవ్వు వినిపిస్తుంది. ఒకరోజు దుకాణంలో ఎవరో ఫోన్‌లో అది చూస్తుంటే నా చేతిలో సీసా ఆగిపోయింది. మొదట వట్టి గాలి. తర్వాత నీళ్లెక్కిన బోరింగు. ధూంధాంల రికార్డుల్లో మైకు పట్టిన నవ్వును దాచుకుని, ఆ రోత మాటలకు అతికించుకున్నాడు. మనిషిని పొమ్మన్నాడు, నవ్వును మాత్రం ఉంచుకున్నాడు. వాడి పాట ఎక్కడ వినపడినా నేను లేచి బయటికి పోతాను.

సార్ కూతురు నా ముఖమే చూస్తోందని అప్పటికి గమనించాను. మాత్రలన్నీ పక్కన పెట్టి, తీసుకుంటామని తలాడించాను. ఆమె వెళ్లలేదు.

"మిమ్మల్ని ఒకటి అడగాలండీ. నాన్నగారి దగ్గర ఒక నల్ల గొంగడి ఉండేది. చలికాలం అదే కప్పుకునేవారు. ఆసుపత్రికి కూడా తెప్పించుకున్నారు. యూనివర్సిటీలో పెద్ద సభలో ఒక పాటగాడు నా మీద చరణం కట్టి నా భుజాన కప్పాడు అని అందరికీ చెప్పేవారు. అమ్మేమో, మోండా మార్కెట్‌లో తనే కొనుక్కుని మనకి కోతలు కోస్తున్నారు అనేది. ఆ రోజు మీరు పక్కనే ఉన్నారటగా. నిజంగా కప్పారా అండీ?"

"కప్పిండమ్మా. నేను గాడనే ఉన్న," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. "చరణమేంటో గుర్తుందా? ఆ కమిటీ పాటలోదే అనేవారు. మాటలు మాత్రం ఎన్నిసార్లడిగినా చెప్పలేదు."

నేను జీవితంలో పాట కట్టినవాణ్ణి కాదు, చదివినవాణ్ణి మాత్రమే. కౌంటర్ చెక్క మీద వేళ్లతో తాళం వేసుకుని, గొంతు తగ్గించి చెప్పాను.

"లైబ్రెరిల నవ్వె, వరండల నవ్వె... ఒచ్చిన్నండి, కూసున్నండి, లేవనండి అనె..."

"పాయె," అంది ఆమె. ఆ పాట తెలిసినవాళ్లెవరైనా అక్కడ అలాగే అందుకుంటారు. అన్నాక ఏమన్నదో తెలిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా చూశాను. ఆ చరణాన్ని ఇంటికి తీసుకెళ్లి వాళ్లమ్మకు చెబుతుంది. పాటగాడు కట్టాడనే చెబుతుంది, పాటగాడు కప్పాడనే చెబుతుంది. సార్ కోసం చెప్పిన అబద్ధానికి నాకు బాధ లేదు. కానీ వాడికి లేని మంచితనాన్ని నా నోటితో వాడికిచ్చి పంపాను. నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ చేదు పోవడం లేదు.